మోసినవాడి సంతకం ఉండదు

బర్మాలో సైన్యం ఏం చేసినా అందరికంటే ముందు కోపం వచ్చేది పుదుచ్చేరి కోసపాళయంలో వీరరాఘవన్ గారికే. రెండువేల ఏడులో రంగూన్ వీధుల్లో బౌద్ధ సన్యాసులను కొడుతుంటే టీవీలో చూశాడాయన. అప్పటి నుంచి ఆయన అంగడికి పంచె కొనడానికి వచ్చినవాడు పంచెతో పాటు ఒక ఉపన్యాసం కూడా మోసుకుపోవలసి వచ్చేది. ఆ కోపం ఉత్తుత్తిది కాదు. ఇరవైమూడేళ్ళ వయసులో, రంగూన్‌లో తన తండ్రి బట్టల అంగడికి సిపాయిలు తాళం వేస్తుంటే ఎదురుగా నిలబడి చూసినవాడు. తాళంచెవి వాళ్ళు పట్టుకుపోయారు, వీళ్ళను ఓడెక్కించారు. ఓడ దిగిన ఏడాదికి తండ్రి ఆ దిగులుతోనే పోయాడు. ఈ కథ కోసపాళయంలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ కంఠతా వచ్చు.

కనక ఆ ఏడు తెలుగు వర్తక సంఘం వార్షికోత్సవానికి పట్టిమండ్రం పెడుతున్నారనీ, విషయం ‘దేశం బాగుపడాలంటే కావలసింది స్వేచ్ఛా, గట్టి చెయ్యా?’ అనీ తెలిసినప్పుడు, అందరూ ముందు ఆయన పేరే రాసుకున్నారు. పట్టిమండ్రమంటే రెండు పక్షాలవాళ్ళు వాదించుకుంటే నడుమ కూర్చున్న పెద్దమనిషి చివర తీర్పు చెప్పే వాదసభ. తమిళదేశంలో పండగంటే అది ఉండాల్సిందే. వీళ్ళది తెలుగులో జరుగుతుంది. తెలుగంటే సగం తమిళం కలిసిన ఇంటి తెలుగు. చదవడం రాయడం చాలామందికి రాదు, మాట్లాడడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు.

ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేల్చడం ఆ సంఘం ఆచారం. వర్తకుడన్నవాడు రెండు వైపుల నుంచీ బేరమాడగలగాలని పాతకాలపు పెద్ద ఎవరో పెట్టిన నియమం. దీపావళికి ముందు ఆదివారం, తీర్పు చెప్పబోయే రిటైర్డ్ హెడ్‌మాస్టర్ నటరాజన్ ఇత్తడి చెంబులో చీటీలు వేసి తిప్పాడు. వీరరాఘవన్‌కు స్వేచ్ఛ వచ్చింది. ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా అయింది. తరువాత ఎవరూ అనుకోని చెయ్యి ఒకటి చెంబులోకి వెళ్ళింది. నోట్‌బుక్కులు, పెన్నులు అమ్ముకునే పట్టాభి చెయ్యి.

పట్టాభి వేదికెక్కి ముప్పై ఏళ్ళు దాటింది. ఎమర్జెన్సీలో పదకొండు నెలలు జైల్లో ఉండి వచ్చిన మనిషి. వచ్చాక సభల్లో వెనక బెంచీ మీద కూర్చోవడమే తప్ప నోరు విప్పలేదు. ఇప్పుడు చీటీ విప్పి చూసి, చిన్నగా నవ్వి, నటరాజన్ చేతిలో పెట్టాడు. గట్టి చెయ్యి.

“అయ్యో, నీకిది వద్దప్పా పట్టాభీ. ఇంకొకళ్ళతో మార్చుకో,” అన్నాడు నటరాజన్.

“చీటీలో వచ్చింది గదా సార్. దాని తరఫునే మాట్లాడతా,” అన్నాడు పట్టాభి. తరువాత వీరరాఘవన్ వైపు తిరిగి, “నాకు తెలిసిన విషయమే. ఎమర్జెన్సీలో మన వీధి ఎట్లుండిందో చెప్తా,” అన్నాడు.

అంతే. పెళ్ళికొడుకు మొహం కాస్తా వాడిపోయింది.

సంగతేమిటో ఇప్పుడే చెప్పేయడం మంచిది. దాన్ని దాచుకుని దాచుకుని ఆయన పడిన అవస్థ చదివేవాళ్ళకు కూడా ఎందుకు?

డెబ్బై ఆరులో పట్టాభికి అదే వీధిలో చిన్న అచ్చు యంత్రం ఉండేది. పెళ్ళిపత్రికలు, బిల్లు పుస్తకాలు వేసేవాడు. ఒకసారి మాత్రం, వార్తాపత్రికల్లో వార్తలు ఎందుకు మాయమవుతున్నాయని అడుగుతూ ఒక కరపత్రం వేశాడు. పది రోజులకు ఒక అధికారి వీరరాఘవన్‌ను పిలిపించాడు. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు. “నువ్వు బర్మా నుంచి వచ్చినవాడివి గదా, నీ కాగితాలన్నీ సరిగా ఉండాయా?” అని ఒక్క మాట అడిగాడు. ఇంకేమీ అనలేదు. బల్ల సొరుగులోంచి ఇంగ్లీషులో టైపు కొట్టిన విన్నపం ఒకటి తీసి ముందు పెట్టాడు. ఫలానా అచ్చు అంగడి వల్ల మా వీధిలో ప్రభుత్వం మీద ద్వేషం పెరుగుతోంది, తగిన చర్య తీసుకోవాలి అని అందులో ఉంది. దాని మీద వీధివాళ్ళ సంతకాలు కావాలి.

వీధి తరఫున కాగితం తిప్పడానికి కోసపాళయంలో ఒక పద్ధతి ఉంది. ముందు పెద్ద సంతకం చేస్తాడు. అది చూసి మిగిలినవాళ్ళు చేస్తారు. చదవరు. చదివితే పెద్దను నమ్మనట్టు లెక్క. ఇక కాగితం మోసుకు తిరిగేవాడు సంతకమే చేయడు. తను తిప్పే కాగితం మీద తన పేరు పెట్టుకుంటే స్వార్థమంటారు. ఎంత మంచి పద్ధతో చూడండి! ఊరంతా పేర్లు రాసి ఇరుక్కుంటుంది, మోసినవాడు కడిగిన ముత్యంలా ఉంటాడు.

అప్పటి పెద్ద చెంగల్రాయన్. అరియాంకుప్పం నుంచి వచ్చి ఇక్కడ బియ్యం మండీ పెట్టినవాడు, పట్టాభి భార్య భాగ్యానికి సొంత అన్న. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకొస్తే ఆ వీధిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇద్దరే, రంగూన్‌లో చదువుకున్న వీరరాఘవన్, అచ్చులు పేర్చే పట్టాభి. “ఏంది రాఘవా ఇది?” అని అడిగాడు చెంగల్రాయన్. “మన వీధి మంచిదని పైవాళ్ళకు రాసుకుంటాండాము మామా,” అన్నాడు వీరరాఘవన్. ఆయన కాగితం పైభాగాన పెద్దగా సంతకం చేశాడు. దాని కింద నలభై మంది చేశారు. పట్టాభి అంగడి ఒక్కటి వదిలేసి మిగిలిన వీధంతా తిరిగాడు వీరరాఘవన్. నాలుగో రోజు పట్టాభిని పట్టుకుపోయారు.

ఒక అంగడి పోగొట్టుకున్నవాడికి రెండోది కూడా పోతుందేమోనన్న భయం. అది భయమే, దానికి ఇంకో పేరు పెట్టక్కరలేదు. భయపడినవాణ్ణి తిట్టడం నా వల్ల కాదు. కానీ రంగూన్ కథను వెయ్యిసార్లు చెప్పిన నోరు ఈ కథను ఒక్కసారి కూడా చెప్పలేదు. అది మాత్రం నాకు కడుపుమంట.

పట్టాభికి ఏం తెలుసో ఏం తెలియదో ముప్పై ఒక్క ఏళ్ళుగా వీరరాఘవన్‌కు తెలియదు. ప్రతి దీపావళికీ అతను ఈయన అంగడిలోనే పంచె కొన్నాడు. ఒక్క మాట అడగలేదు. అడగనివాడి మౌనాన్ని మించిన హింస లేదు. ఈసారి అడగడానికే వేదిక ఎక్కుతున్నాడని వీరరాఘవన్ తేల్చుకున్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం మనకు తెలిసిందే, ఈయన వారం రోజులు తడుముకుంటూనే ఉన్నాడు.

వీధి ఏమనుకుంటుందన్నది కాదు ఆయన భయం. అరవై ఆరేళ్ళు వచ్చాక వీధి ఏమనుకుంటే ఏం? భయమంతా మనవరాలు అభినయ. కొడుకు కూతురు, కాలేజీలో మొదటి ఏడు. తాత చెప్పిన రంగూన్ కథలతోనే పెరిగింది. అన్యాయమన్న మాట వినబడితే చాలు, తాత లాగే ముక్కుపుటాలు ఎగరేస్తుంది. సభలో గంట కొట్టే పని ఈసారి ఆ పిల్లదే. తాత ఉపన్యాసం రాసే పని కూడా తనే నెత్తికెత్తుకుంది. పట్టాభి ఆ పిల్ల ముందు, ఆ పిల్ల గంట పట్టుకుని కూర్చుని ఉండగా, ‘కాగితం తిప్పింది ఈయనే’ అంటే ఏమవుతుంది? ఆ కళ్ళను తరువాత ఎట్లా చూడాలి?

సోమవారం సాయంత్రం అభినయ కాగితాలు వేసుకుని కూర్చుంది. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో గబగబా రాసుకుంటోంది. తెలుగు లిపి ఆ పిల్లకు రాదు.

“తాతా, సుమ్మా ఊరికే బర్మా బర్మా అంటే చాలదు. ఎదురుపక్షం వాళ్ళు పట్టుకుంటారు.”

“ఏంది పట్టుకునేది?”

“మొన్న శనివారం పాకిస్తాన్‌లో ఎమర్జెన్సీ పెట్టినారు గదా. మనవాళ్ళంతా ఛీ ఛీ అంటాండారు. మా క్లాసులో ఒకడు అడిగినాడు, మన దేశంలో పెట్టినప్పుడు మీ ఇంట్లో ఎవరైనా ఛీ అన్నారా అని. నాకు జవాబు రాలేదు. పక్కింటోడు చేస్తే నిరంకుశం, మనోడు చేస్తే క్రమశిక్షణా తాతా? ఒకే తక్కెడ ఉండాల గదా?”

“ఉండాల,” అన్నాడు వీరరాఘవన్.

“అయితే చెప్పు. అప్పుడు నువ్వేం చేసినావు?”

“అంగడి చూసుకుంటా ఉండినాను.”

పిల్ల కలం ఆపి తాత మొహంలోకి చూసింది. “భయమేసిందా తాతా?” అని మెల్లగా అడిగింది. ఆ అడగడంలో ఎంత దయ ఉందంటే, ఆ క్షణంలో చెప్పేసి ఉంటే బాగుండేదని ఆయనకు తరువాత చాలాసార్లు అనిపించింది. కానీ అప్పుడు మాత్రం, “రాయి రాయి, రంగూన్ గురించి రాయి,” అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

దీపావళి ఎట్లా వచ్చిందో ఎట్లా పోయిందో ఆయనకు గుర్తు లేదు. మురుకులు నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉన్నాయి. వీధిలో టపాకాయ పేలిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాడు. అంగడిలో పది మీటర్లు అడిగినవాడికి పన్నెండు మీటర్లు కోశాడు. పండగనాడు పట్టాభి ఎప్పటిలా పంచె కొనడానికి రాలేదు. దాంతో ఉన్న ఒక్క ఆశా పోయింది. మరునాడు ఆగలేక తనే పట్టాభి అంగడికి బయలుదేరాడు. వెళ్ళి, ‘నన్ను వదిలెయ్యి’ అని అడుగుదామని. ఎంత పెద్ద కోరికో! వెళ్ళాక ఒక పెన్ను కొన్నాడు.

“ఉపన్యాసం సిద్ధమా పట్టాభీ?”

“ఆఁ. ఇంట్లో భాగ్యం ముందు చెప్పి చూసుకుంటాండా.”

“మన వీధి సంగతులు... పాతవి... అవన్నీ తవ్వాలంటావా?”

పట్టాభి కళ్ళద్దాల మీదుగా చూశాడు. “ఎందుకు తవ్వకూడదు? ముప్పై ఏళ్ళు వెనక బెంచీలో కూర్చోని నేను వినింది చాలు రాఘవా. డాక్టరు గుండె బాగలేదన్నాడు. చెప్పాల్సింది ఒక్క తూరి చెప్పి పోవాల. నాలుగు రూపాయలు.”

“ఏంది?”

“పెన్ను. నాలుగు రూపాయలు.”

తిరిగి వచ్చేటప్పుడు వీరరాఘవన్ జ్వరమని చెప్పి ఆదివారం పడుకుందామా అనుకున్నాడు. పడుకుంటే పట్టాభి మాటలు తను లేని సభలో అభినయ ఒంటరిగా వింటుంది. అది ఇంకా ఘోరం. వెళ్ళకుండా ఉండే ధైర్యం కూడా లేక వెళ్ళాడు.

ఆదివారం నాలుగు గంటలకు వాన. అయినా సంఘం హాలు నిండింది. నడుమ కుర్చీలో నటరాజన్, ఆయన పక్కన చిన్న బల్ల దగ్గర అభినయ, బల్ల మీద చేతిగంట. ఎనిమిది నిమిషాలు కాగానే గంట, గంట మోగాక ఎవరైనా దిగాల్సిందే. సంఘం అధ్యక్షుణ్ణి కూడా ఆ పిల్ల వాక్యం మధ్యలో దించేసింది. జనం నవ్వారు. ముందు వరసలో ఆడవాళ్ళ పక్క భాగ్యం కూర్చుని ఉంది, ఒళ్ళో తడిసిన గొడుగు.

పట్టాభి లేచాడు. చేతిలో కాగితం లేదు.

“అందరికీ నమస్కారం. గట్టి చెయ్యి మంచిదని చెప్పేదానికి వచ్చినా. ఎమర్జెన్సీలో రైళ్ళు టయానికి వచ్చినాయి. ఆఫీసులో పది గంటలకు మనిషి ఉండినాడు. సమ్మెలు లేవు. నన్ను పదకొండు నెలలు లోపల పెట్టినారు. దాంతో ఒకడికే నష్టం, దేశానికి లాభం. వద్దనేదానికి నేనెవడు?”

ఎవరో ఇబ్బందిగా దగ్గారు. పట్టాభి గొంతు పెంచలేదు.

“బర్మాలో సిపాయిలు తుపాకులు పట్టుకోని వచ్చినారు. అది నిరంకుశం, ఒప్పుకుంటా. మన వీధికి ఎవరూ తుపాకి పట్టుకోని రాలేదు. ఒక కాగితం వచ్చింది. నా అచ్చు అంగడి వద్దని నలభై ఒక్క మంది సంతకం చేసినారు. స్టేషన్‌లో నాకు చూపించినారు ఆ కాగితం. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోలేదు. అందరూ నాకు తెలిసినోళ్ళే, నా ఇంట్లో పాయసం తాగినోళ్ళే. ప్రజలు తామే తెలిసి ఒప్పుకున్నదాన్ని నిరంకుశం అంటారా? అది ప్రజల ఇష్టం! దీనికి ఎదురుపక్షం దగ్గర జవాబుంటే చెప్పమనండి.”

గంట మోగకముందే కూర్చున్నాడు. వీరరాఘవన్ ఊపిరి వదిలాడు. పేరు చెప్పలేదు! పేరు చెప్పకుండానే కూర్చున్నాడు! ఒక్క నిమిషం ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది, సంతోషంతో. మనిషి బతుకు మీద తీపి అట్లాంటిది.

ఆ తరువాతే అర్థమైంది, తను లేచి జవాబు చెప్పాలని.

రంగూన్‌తో మొదలుపెట్టాడు. తాళం, తాళంచెవి, ఓడ. ఎప్పటిలాగే చప్పట్లు పడ్డాయి. సన్యాసుల మీద దెబ్బలు చెప్పాడు, పాకిస్తాన్ చెప్పాడు. అభినయ రాసిచ్చినదంతా అయిపోయింది. ఇంకా రెండు నిమిషాలుంది. పిల్ల తాత వైపే చూస్తోంది. పట్టాభి తాత అడిగినదానికి జవాబు చెప్పవేంటని ఆ చూపు. నలభై ఒక్క మంది తెలిసి ఒప్పుకున్నారంటే స్వేచ్ఛాపక్షం ఓడినట్టే. వాళ్ళు తెలిసి ఒప్పుకోలేదని చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

“పట్టాభి చెప్పింది... ఆ సంతకాలు... వాళ్ళ ఇష్టంతో పెట్టినవి కావు,” అన్నాడు చివరికి. “అందులో ఏం రాసుండాదో వాళ్ళకు తెలీదు. ఇంగ్లీషు అది.”

“తెలీదని నీకెట్లా తెలుసు?” అన్నాడు పట్టాభి కూర్చున్న చోటి నుంచే. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అడుగుతున్నాడు.

అప్పుడే గంట మోగింది.

వీరరాఘవన్‌కు దేవుడు కనిపించినట్టైంది. నియమం నియమమే, దిగిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. నటరాజన్ అప్పుడే తరువాతి వక్త పేరు చూసుకుంటున్నాడు. దిగడానికి ఒక కాలు ముందుకు వేశాడు కూడా. అభినయ గంట కింద పెట్టి, తాతకు తెలిసే ఉంటుందన్న నమ్మకంతో, చెప్పనివ్వలేకపోయానే అన్న నొప్పితో ఆయన వైపు చూసింది. ఆ నమ్మకాన్ని ఆయన మోయలేకపోయాడు.

“వాళ్ళకు చదివి చెప్పినోడు అబద్ధం చెప్పినాడు,” అన్నాడు. “వీధి మంచిదని రాసుండాదని చెప్పినాడు. పెద్దాయన నమ్మి పైన సంతకం చేసినాడు, ఆయన్ను చూసి అందరూ చేసినారు. ఆ కాగితం మోసింది నేను. చదివి చెప్పింది నేను.”

తరువాత వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ముందూ వెనకా ఆలోచించకుండా హాలంతా అందుకుంది. “ఏం చెప్పినాడప్పా! నిజంగా జరిగినట్టే!” అన్నాడొక కుర్రవర్తకుడు. నటరాజన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. చివరికి స్వేచ్ఛాపక్షం గెలిచిందని తీర్పు చెప్పాడు. వీరరాఘవన్‌కు శాలువా కప్పారు. ఆ శాలువాను మించిన శిక్ష ఆయనకు అంతవరకు ఎవరూ వేయలేదు.

మెట్ల దగ్గర అభినయ నిలబడి ఉంది. వాన తగ్గింది.

“తాతా, ఆ కాగితంలో ఏముందో అప్పుడు నీకు సరిగా తెలుసా?”

లేదు, నాకూ సగమే అర్థమైంది అనొచ్చు. ఆ పిల్ల కోరుకుంటున్నది కూడా ఆ మాటే, గొంతులోనే తెలుస్తోంది.

“తెలుసు.”

“పట్టాభి తాతను పట్టుకపోతారని?”

“తెలుసమ్మా.”

అభినయ ఒక మెట్టు దిగి నిలబడింది. అప్పటికి భాగ్యం, పట్టాభి బయటికి వచ్చారు. తిట్టుకు సిద్ధపడ్డాడు వీరరాఘవన్. దెబ్బకు కూడా. ఎంతో కొంత తేలిక కూడా అనిపిస్తోంది, దాచడం అయిపోయింది కదా అని.

“రాఘవన్నా,” అంది భాగ్యం. ఆమె మొహంలో రక్తం లేదు. “మా అన్నకు తెలీదా?”

“తెలీదమ్మా. నేను చెప్పిందే ఆయనకు తెలుసు.”

ఆమె గొడుగు చేతిలోంచి జారింది. దాన్ని ఎవరూ తీయలేదు. పట్టాభి గోడకు ఆనుకున్నాడు.

“నీకు తెలుసనుకున్నా పట్టాభీ. ఇన్నాళ్ళూ నీకు తెలుసనే...”

“నాకేం తెలుసు? మోసినోడి పేరు కాగితం మీద ఉంటుందా?” అన్నాడు పట్టాభి. “స్టేషన్‌లో చూపించినప్పుడు పైన చెంగల్రాయన్ సంతకం. పెద్దమనిషి, సొంత బావమరిది. ఇంత పెద్ద మాట తెలుసుకోకుండా చేస్తాడా అనుకున్నా. ఆయన్ను కూడా అడగలేదు.”

“విడుదలై వచ్చినాక రెండు మాట్లు వచ్చినాడు మా అన్న,” అంది భాగ్యం. “వాకిట్లో నిలబడినాడు. ఈయన తలుపు తీయలేదు. చదవకుండా చేసినా అని ఒక్క మాట చెప్పుంటే... చెప్పలేదు. మండీ ఎత్తేసి అరియాంకుప్పానికి పోయినాడు. మూడు నెలల కింద ఆడి మాసంలో సచ్చిపోయినాడు రాఘవన్నా. నన్ను పంపలేదు ఈయన. మొహం కూడా చూడలేదు నేను.”

చదవకుండా సంతకం పెట్టానని ఏ పెద్ద నోరు తెరిచి చెబుతాడు? నలభై మంది అతని పేరు చూసి పేరు పెట్టారు. అతను ఆ మాట మింగి ఊరు వదిలాడు. రెండిళ్ళూ విడిపోయిన సంగతి వీధి మొత్తానికి తెలుసు, వీరరాఘవన్‌కూ తెలుసు. పుట్టింటి పొలం వాటా దగ్గర గొడవట అనుకున్నారు. ఆ మాట వీరరాఘవన్ కూడా నలుగురికి చెప్పాడు. చెప్పీ చెప్పీ నమ్మేశాడు. పట్టాభికి తన పేరు తెలుసేమోనని ముప్పై ఒక్క ఏళ్ళు భయపడ్డాడు గానీ, తన పేరు ఉండాల్సిన చోట పట్టాభి ఇంకొకరి పేరు పెట్టుకున్నాడేమోనని ఒక్క రోజూ అనుకోలేదు. ఇప్పుడు తోచింది.

“నన్ను క్షమించమని అడిగేదానికి కూడా...” అని మొదలుపెట్టాడు.

“నాకు చెప్పొద్దు,” అన్నాడు పట్టాభి. “చెంగల్రాయన్ భార్య మీనాంబాళ్ ఆ ఇంట్లోనే ఉండాది. ఆమెకు చెప్పు. కొడుకులకు చెప్పు. ఈడ చప్పట్లు కొట్టినారు నీకు. ఆడ కొట్టరు.”

“రేపు పొద్దున్నే...”

“ఇప్పుడు బస్సుండాది. నడువు. నేనూ చెప్పుకోవాల్సింది ఉండాది ఆడ.”

ముగ్గురు ముసలివాళ్ళూ తడిసిన రోడ్డు మీద బస్సు నిలిచే చోటికి నడిచారు. వెనక అడుగుల చప్పుడు విని వీరరాఘవన్ తిరిగి చూశాడు. అభినయ వస్తోంది. ఇంటికి పో అనలేదు, రా అని కూడా అనలేకపోయాడు. అరియాంకుప్పం బస్సు వచ్చింది, సగం ఖాళీగా ఉంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, పిల్లకు చోటిస్తూ జరిగాడు. అభినయ ఎక్కి ఆ ఖాళీ చోటు చూసింది. చూసి, ముందుకు పోయి భాగ్యమవ్వ పక్కన కూర్చుంది.